చందమామ పేరెత్తని కోడలు

కొండ మీది మేత నుంచి,
జూలై 1

దూరదర్శినుల దుకాణం గట్టి అన్నగారికి,

జిపార్ సలాములు. మీరు క్షేమమనీ, మీ మంద క్షేమమనీ తలుస్తాను. ఇక్కడ మేమూ, గొర్రెలూ, గుర్రాలూ బాగున్నాం. ఒక్క ఆవు కుంటుతోంది, అదీ సర్దుకుంటుంది.

నేను బడిలో భూగోళం చెబుతాను. వేసవి సెలవుల్లో అత్తమామలతో కొండెక్కేస్తాను. పాత బడి మూసేసినప్పుడు ఎవరికీ అక్కర్లేని టెలిస్కోప్ ఒకటి నాకిచ్చారు. లోపలి అద్దం నూట ముప్ఫై మిల్లీమీటర్ల వెడల్పు, దాని చూపు పొడవు ఆరువందల యాభై. దానికి తగిలించుకుని చూసే గాజు మాత్రం ఒక్కటే ఉంది, ఆరు మిల్లీమీటర్లది, చీమ దూరేంత బొక్క. అందులోంచి చూస్తే తెల్లాయన ముక్కలు ముక్కలుగా కనిపిస్తాడు. నుదురు దొరికితే గడ్డం ఉండదు, గడ్డం దొరికితే నుదురు ఉండదు.

మా అత్తగారి చూపుకి రెండు వైపులా పొర కమ్మింది. సెప్టెంబరులో ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. "కత్తి పెట్టాక చూపు ఉంటుందో పోతుందో, ఈలోగా ఒక్కసారి తెల్లాయన్ని మొత్తంగా చూపించవే" అని అడిగింది. నేను కాపురానికొచ్చి పదకొండేళ్ళు. ఆవిడ పనులు చెప్పింది కానీ నన్నేదీ అడగలేదు. ఇదే మొదలు.

కాబట్టి వెడల్పుగా చూపించే గాజు ఏది మంచిదో చెప్పండి. మరీ ఖరీదైనది వద్దు. నా దగ్గర ఒక్క గొర్రె ధర ఉంది, తప్పు గాజు కొంటే మళ్ళీ కొనలేను. మా ఇంట్లో కొన్ని మాటలు నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు. మీరు పెద్దవారు, అర్థం చేసుకుంటారు.

ఇట్లు,
జిపార్

తా.క.: ఇక్కడ ఫోను పలకదు. జవాబు బస్టాండులో చీకటినీళ్ళ ఊరి వ్యాను డ్రైవరు దోలోత్‌కి ఇవ్వండి.

*

బిష్కెక్,
జూలై 7

జిపార్ గారికి,

నమస్తే. నా పేరు తెమిర్‌కుల్. బోర్డు మీద అడుగెత్తు అక్షరాల్లో ఉంది. గట్టి అని నన్నింతవరకూ ఎవరూ పిలవలేదు, మెతక అని మాత్రం చాలామంది అన్నారు. మంద లేదు, పిల్లి ఉంది. క్షేమం.

మీరు అడుగుతున్నది ఐపీసు అనుకుంటాను. నా దగ్గర ఎక్కువగా పోయేవి కళ్ళజోళ్ళూ, వేటగాళ్ళ బైనాక్యులర్లూ. అయినా ఐపీసులు ఓ పది రకాలున్నాయి. ఏది పంపాలో తేల్చాలంటే ముందు చూడబోయేది ఏమిటో తెలియాలి. ఈ తెల్లాయన ఎవరు? ఎప్పుడు వస్తాడు? మీకు తెలుసో లేదో, ఆ టెలిస్కోప్‌లో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. తర్వాత చెప్పలేదనకండి.

భవదీయుడు,
తెమిర్‌కుల్

తా.క.: చీకటినీళ్ళ ఊరి వ్యాను కోసం బస్టాండంతా గంటన్నర తిరిగాను. తీరా చూస్తే దోలోత్ వ్యాను మీద కారా-సూ అని ఉంది. శుభ్రంగా నల్లనీళ్ళు అని రాయడానికి మీకేం అడ్డమొచ్చిందండీ?

*

కొండ మీది మేత నుంచి,
జూలై 15

గట్టి అన్నగారికి,

జిపార్ సలాములు. మీ పిల్లి క్షేమమని తలుస్తాను. మా ఆవు ఇప్పుడు బాగానే నడుస్తోంది.

తెల్లాయన ఎవరని అడిగారు, నాకు నవ్వొచ్చింది. మీ ఊళ్ళోనూ తిరుగుతాడు కదా, మీరు తలెత్తి చూడరు కాబోలు. తూర్పు గుట్ట వెనక నుంచి వస్తాడు. రోజూ నిన్నటికంటే కాస్త ఆలస్యంగా వస్తాడు. నెలకి ఒకటి రెండు రోజులు మొహమే చూపించడు. ఆ మొహం నిండా గుంటలు. ఆ గుంటలు చూడ్డమంటే నాకు ప్రాణం. మా ఆయనకీ తెలుసు. చలేస్తుందని నాకు కోటు కప్పి, పక్కనే నిలబడి టెలిస్కోప్ పట్టుకునేది ఆయనే. తలకిందులుగా కనిపించినా మాకేం ఇబ్బంది లేదు, అలవాటైపోయింది.

మామగారి ఎదుట మాత్రం అత్తగారూ నేనూ ఆ పేరెత్తం. ఎత్తితే ఇంకేమైనా ఉందా.

ఇట్లు,
జిపార్

తా.క.: వచ్చే నెల ఇరవై ఒకటిన నిండుగా వస్తాడు. ఆలోపు గాజు చేరాలి.

*

బిష్కెక్,
జూలై 22

జిపార్ గారికి,

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. దొంగసాటుగా మనుషుల్ని చూడ్డానికి సరుకు అమ్మలేదు, అమ్మబోను.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొహం నిండా గుంటలున్న మనిషి. గుట్ట చాటు నుంచి వస్తాడు. నెలకోసారి మాయమవుతాడు. అత్తా కోడలూ ఆయన కోసం ఎదురుచూస్తుంటే, కట్టుకున్నవాడు టెలిస్కోప్ పట్టుకుంటాడు. పాపం ఆ పెద్దాయనకి ఏమీ తెలియదు. ఇదేం సంసారమమ్మా? పైగా "నిండుగా వస్తాడు" అంటున్నారు. తాగి వస్తాడనా, గొర్రెల్ని దొంగిలించి తోలుకొస్తాడనా?

ఒక మిలీషియా పోలీసు కెప్టెన్ నా దగ్గరే కళ్ళజోడు చేయించుకుంటాడు. ఆయన చెవిన వేయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

తెమిర్‌కుల్

తా.క.: తెమిర్‌కుల్. తె-మి-ర్-కు-ల్. గట్టి కాదు.

*

కొండ మీది మేత నుంచి,
ఆగస్టు 2

గట్టి అన్నగారికి,

సలాం. ఈసారి పిల్లిని అడగడం లేదు.

మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా? మీ అమ్మగారు ఎప్పుడైనా మీ తాతగారి పేరు పెట్టి పిలిచారా? నేను రాసినదాంట్లో తప్పేముందో చెప్పమని మీ జవాబు మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన పొట్ట పట్టుకుని పుల్లటి గుర్రప్పాల తిత్తి మీద పడ్డాడు. తిత్తి చిరిగింది. దాన్ని కుట్టేసరికి నాకు పొద్దు వాలింది.

మీకు ఇది ఆటగా ఉంది. మొన్న రాత్రి అత్తగారు ఆ ఇరుకు గాజు దగ్గర అరగంట అవస్థ పడింది. ముక్కు మీది అద్దాలు తీస్తే ఏమీ కనపడదు, పెట్టుకుంటే గాజుకి తగులుతాయి. ఓ ముక్క కనిపించడం, తల కదిలితే అదీ పోవడం. చివరికి "నాకు మొత్తంగా చూసే రాత లేదులేవే, నువ్వెళ్ళి పడుకో" అంది. ఎప్పుడూ కసిరే మనిషి మెత్తగా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి ఆపరేషనంటే భయం, ఆ మాట పైకి అనదు.

అమ్మకపోతే మానేయండి. ఇంకో దుకాణం చూసుకుంటాను. కానీ ఇంకో దుకాణం ఎక్కడుందో నాకు తెలియదు, అదీ మీరే చెప్పాలి.

ఇట్లు,
జిపార్

తా.క.: మిలీషియావాళ్ళకి తప్పకుండా చెప్పండి. తెల్లాయన్ని పట్టుకున్న రోజు కబురు చేస్తే మేమంతా వచ్చి చూస్తాం.

*

బిష్కెక్,
ఆగస్టు 10

చెల్లెమ్మ జిపార్‌కి,

నన్ను క్షమించాలి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిన్న నీ ఉత్తరాలు పట్టుకుని బస్టాండుకి వెళ్ళి, "మీ ఊళ్ళో ఈ తెల్లాయన ఎవడయ్యా, నిజం చెప్పు" అని దోలోత్‌ని నిలదీశాను. అతను ఉత్తరాలన్నీ చదివి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. ఆ తలకి హారను నొక్కుకుపోయి ఎంతసేపు మోగిందంటే, వ్యాను బయల్దేరుతోందనుకుని ప్రయాణికులందరూ ఎక్కి కూర్చున్నారు. అప్పుడు చెప్పాడు, మీ వైపు కోడలు అత్తింటి పెద్దల పేర్లలోని ముక్క కూడా పలకకూడదట. మీ మామగారి పేరు ఐత్‌మిర్జా. మనం చందమామని "ఐ" అంటాం, ఆ పేరులో మొదటి ముక్క అదే. కాబట్టి కోడలు చందమామ పేరెత్తకూడదు. మీ అత్తగారు కారాకోజ్, అంటే నల్లకన్ను. దాంతో నీకు నలుపూ పోయింది, కన్నూ పోయింది, ఊరి పేరూ పోయింది. మీ పెద్దబావగారు తెమిర్. ఇనుమే కదా, అందుకని నేను గట్టి అన్నయ్యనయ్యాను.

మా అమ్మ బస్తీలో పుట్టి పెరిగిన టాటారు మనిషి. మా నాన్నని పేరు పెట్టి పిలవడమే కాదు, పేరు పెట్టి తిట్టేది. నాకు నలభై ఏడేళ్ళు, పెళ్ళి లేదు. ఇంట్లో కోడలు అనే మనిషి ఎలా మాట్లాడుతుందో నేనెప్పుడూ వినలేదు. ఇదే నా తరఫు వాదన.

ఇక అసలు పని. డబ్బా మీద డిగ్రీల అంకె పెద్దగా ఉందని మోసపోకు. నా దగ్గర ఎనభై రెండు డిగ్రీలది ఒకటుంది, నాలుగు మిల్లీమీటర్లది, గుర్రం ధర. అది కొన్నా తెల్లాయన చెవులు తెగుతాయి. టెలిస్కోప్ చూపు పొడవుని గాజు మిల్లీమీటర్లతో భాగించు. వచ్చినదానితో డిగ్రీల్ని భాగించు. అంత ఆకాశం నీకు కనిపిస్తుంది. ఆయన వెడల్పు అర డిగ్రీ. నీ పాత గాజు నలభై డిగ్రీలదై ఉంటుంది, ఆ వెడల్పులో ముప్పాతికే చూపిస్తుంది, గడ్డం అందుకే తెగింది. అరవై ఆరు డిగ్రీలది, తొమ్మిది మిల్లీమీటర్లది అయితే దాదాపు డిగ్రీ ఇస్తుంది. ఆయన నిండుగా పట్టి, చుట్టూ చీకటి కూడా మిగుల్తుంది. అదే రకంలో ఇరవై మిల్లీమీటర్లది ఇంకా వెడల్పే కానీ నీ టెలిస్కోప్‌లో అంచున చుక్కలకి తోకలొస్తాయి, తెల్లాయన చొక్కా గుండీ అంత అయిపోతాడు. ఈ తొమ్మిదిది కన్ను ఆనించకుండా చూడొచ్చు, మీ అత్తగారు కళ్ళజోడు తీయక్కర్లేదు. సగం గొర్రె ధర. గొర్రె ధర గాజులో దీనికంటే ఎక్కువేమీ కనిపించదు, అమ్మేవాణ్ణి నేనే చెబుతున్నాను.

దోలోత్ చేతికిచ్చాను. ఇరవై ఒకటికి ముందే చేరుతుంది.

మీ గట్టి అన్నయ్య,
తెమిర్‌కుల్

తా.క.: కెప్టెన్‌కి పోయిన వారమే చెప్పేశాను. ఎవరైనా వస్తే టీ ఇవ్వండి.

*

కొండ మీది మేత నుంచి,
ఆగస్టు 23

గట్టి అన్నయ్యకి,

సలాం. నువ్వూ, పిల్లీ క్షేమమని తలుస్తాను.

గాజు పద్దెనిమిదిన చేరింది. పంతొమ్మిదిన మబ్బు. ఇరవైన వాన. ఇరవై ఒకటి సాయంత్రం మబ్బు విడిపోయింది, మిలీషియాయన గుర్రం మీద దిగాడు. టీ ఇచ్చాం. తర్వాత గుర్రప్పాలు ఇచ్చాం. "ఆ గుంటల మొహంవాణ్ణి చూపించండి" అన్నాడు. తెల్లాయన గుట్ట దాటాక టెలిస్కోప్ దగ్గర నిలబెట్టి చూపించాం. మూడుసార్లు చూశాడు. రిపోర్టులో ఏం రాయాలో మమ్మల్నే అడిగాడు. మా ఆయన "పారిపోయే అవకాశం లేదని రాయండి" అన్నాడు.

ఆయన వెళ్ళాక అత్తగారిని తీసుకొచ్చాను. ముక్కు మీది అద్దాలు తీయకుండానే వంగింది. చాలాసేపు ఆ గాజుని వదల్లేదు. పొర మరీ ముదిరిపోయి కనిపించడం లేదేమో అనుకున్నాను. "ఉన్నాడా అత్తమ్మా?" అని అడిగాను. "మొత్తం ఉన్నాడే" అంది. "అంచు కూడా తెగలేదు."

ఆ తర్వాత యాభై ఒక్క ఏళ్ళుగా అనని ఆ చిన్న మాట పైకి, గట్టిగా అనేసింది. నేను రాయలేను. నీకు తెలుసు.

గుడారంలోంచి మామగారు ఒక్క బూటుతో పరిగెత్తుకొచ్చారు. "పిలిచావా?" అన్నారు. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయనా నేనూ గొర్రెల్ని లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాం. మామగారు మళ్ళీ "నన్నేనా?" అని అడిగారు. ఆయన గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని టెలిస్కోప్ దగ్గరికి లాగింది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు చూస్తూనే ఉన్నారు. మేం పడుకునేటప్పుడు అత్తగారు "పెడితే పెట్టనీ కత్తి, నేనైతే చూసేశాను" అనడం వినిపించింది. నాకు ఆ మాట చాలు.

నీ మేలు మరవను.

ఇట్లు,
చెల్లెలు జిపార్

తా.క.: ఇది కోడలి రాత కాదు. నేను ఐత్‌మిర్జాని, నా పేరు నేను రాసుకోవచ్చు. బాబూ తెమిర్‌కుల్, నువ్వు పంపిన అరవై ఆరు డిగ్రీలది మా ఆవిడ చేత నా పేరులో మొదటి ముక్క పలికించింది. ఇంకా "మిర్జా" మిగిలిపోయింది. దానికి ఎన్ని డిగ్రీలది కావాలో చూసి వెంటనే పంపు. ధర సంగతి కోడలికి చెప్పకు.