ఆక్సైడు గూడులో వెండి

వదినా, నేనూ నీ కూతురూ ఇక్కడ కులాసా. మన అమ్మాయి పని పాడుచేసిందన్న మాట అబద్ధం. ఓ పాతిక పరమాణువులుండే వెండి గుంపు ముద్దకట్టకుండా అందరూ కర్బన పదార్థం చుడతారు. మన పిల్ల మాత్రం టంగ్‌స్టన్ అనే లోహపు ఆక్సైడుతో గూడు కట్టి నిలబెట్టింది. మా ప్రయోగశాల పెద్దాయనకు నమ్మకం కుదరక, చెప్పాపెట్టకుండా అందులో పాత కర్బన మందు ఒంపాడు. అంతా చెడింది.

"జాగ్రత్తకని ఓ చుక్క వేశానంతే. ఆడపిల్ల తొందరపడిందయ్యా" అన్నాడు.

"దాని వంటలో మీరు దోసెడు ఉప్పు పోసి, దాని చేయి మంచిది కాదంటారేం?" అని అందరి ముందే అడిగాను.

నా ఉద్యోగానికి ఢోకా లేదు. అన్నయ్య మోకాలెలా ఉంది? అమ్మాయి పాత కళ్లజోడు పంపు. పెద్దాయనను క్షమాపణ అడగమని దానికి రాశావట. చేయని తప్పుకు తల వంచమని తల్లే చెబితే, ఇక ఆయన్ని అని ఏం లాభం? వద్దని ఇంకో కార్డు రాయి. పని మళ్ళీ మొదలుపెట్టడానికి అది నీ మాట కోసమే చూస్తోంది.

అన్నయ్యకు నమస్కారాలు.

నీ మొండి మరిది