అంతా ఎత్తేస్తే చల్లబడుతుందట

ప్రొద్దుటూరు, శుక్రవారం

నన్నడగకుండానే ఫోన్‌లోకి అప్‌డేట్ ఎక్కింది. అప్పటినుంచి పెనంలా కాలుతోంది, కాసేపటికే ఆగిపోతోంది. ఆ కంపెనీవాళ్లకు సిగ్గు లేదు.

సాయంత్రం రిపేరు షాపుకు వెళ్లాను. షాపతను ఫోన్ తడిమి చూసి, "లోపలుండేదంతా ఎత్తేస్తే సల్లబడతాది మామా" అన్నాడు.

"నన్ను మామా అనొద్దు."

"మరేమనల్లప్పా? ఊర్లో అందర్నీ అట్లనే గదా పిలిచేది! ఇంతకీ కాగుతాండేది ఫోనా, నువ్వా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. వాళ్ల ముఖాలు చూడబుద్ధి కాలేదు.

సుజాత మా అక్క కూతురు. మాటలు వచ్చినప్పటినుంచి నన్ను మామా అనే పిలిచింది, మా పెళ్లయ్యాక కూడా. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీదనుంచి ఆమె పంపిన వాయిస్ మెసేజీలు ఈ ఫోన్‌లో తప్ప ఎక్కడా లేవు. వాటిని ముందు వేరేచోటికి ఎక్కించమన్నాను. సగం కాకముందే ఫోన్ ఆగిపోయింది.

"పాత మెసేజీలే గదప్పా, పోతే పోనీ" అన్నాడు.

చేతిలోంచి లాక్కుని వచ్చేశాను.

ఇప్పుడది బల్లమీద చల్లగా ఉంది. మళ్లీ ఆన్ చేస్తే కాలిపోతుందేమోనని భయం. చేయకపోతే ఆమె గొంతు వినలేను. బొటనవేలు బటన్ మీదే ఉంది, ఇంకా నొక్కలేదు.