అత్త మెచ్చుకున్న మధ్యాహ్నం

మంగళవారం రాత్రి, ఆసుపత్రి వరండా.

పొద్దున్న పెరట్లో అత్త జారిపడింది. తల రోలుకు కొట్టుకుంది. రక్తం రాలేదు, బొప్పి కట్టింది. తడిగుడ్డ వేసి పడుకోబెట్టాను.

మధ్యాహ్నం అన్నం తింటూ, "పులుసు శానా బాగుంది. ఎవులి పిల్లవమ్మా నువ్వు?" అంది. పన్నెండేళ్లలో నా వంటను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నన్ను అమ్మా అనడం కూడా. కాసేపటికి వాంతి చేసుకుంది. మళ్లీ అదే ప్రశ్న.

తలకు దెబ్బ తగిలాక వాంతయినా, మనిషిని గుర్తుపట్టకపోయినా ఆలస్యం చెయ్యకూడదని నాకు తెలుసు. చీపురుపల్లి వెళ్లిన మా ఆయనకు చేద్దామని ఫోన్ తీశాను. తీస్తూనే, "నేను మీ కోడల్ని అత్తా" అన్నాను.

"సీ, అదింత మంచిది కాదులే" అంది.

ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆయన వచ్చేసరికి చీకటి పడింది. ఎంత లేపినా ఆవిడ లేవలేదు. ఇక్కడికి తెచ్చాక, ఎప్పటినుంచి ఇలా ఉందని డాక్టరు అడిగాడు. "ఇప్పుడే, సాయంత్రం నుంచే" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకుంటూ, "పాపం, ఇది రోజంతా మాయమ్మ పక్కనే కూసున్నాది డాక్టరు గారూ" అన్నాడు.

అది మాత్రం నిజమే.