ఒకే పొయ్యి, రెండు గిన్నెలు

తమ్ముడు డెల్మర్‌కు,

సర్కారు ఆహార కార్డు వచ్చింది. దానికోసం ఏం చేశామో విను.

"మీ అక్కతో కలిసి వండుకుంటే ఆవిడ గని పింఛనూ లెక్కలోకొస్తుంది, మీకేమీ రాదు. వేరు కుంపటని రాసివ్వండమ్మా, పనైపోతుంది" అంది ఆఫీసులో పిల్ల. ఇద్దరం సంతకాలు పెట్టాం.

వెర్నా అక్క సంగతి నీకు తెలుసుగా. "చర్చిలో పాడే నోటితో అబద్ధమాడనే. రాశాం కాబట్టి వేరుగానే వండుకుందాం" అంది. ఇప్పుడు ఒకే పొయ్యి మీద రెండు గిన్నెల్లో అవే చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. నిన్న చిటికెడు ఉప్పు అడిగితే ఇవ్వలేదు. కలిసి తిన్నట్టవుతుందట. ఛీ, ఏం బతుకు.

ఆదివారం భోజనానికి వస్తానన్నావు. ఎవరి గిన్నెలో తింటావో ముందే రాయి. రెండో ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది.

నీ చిన్నక్క