రూతు లెక్కలో నీటి బిందువులు

కనకమామిడి, శనివారం రాత్రి

మనవరాలు రూతు సాయంత్రం యూనివర్సిటీ బస్సు దిగి మొహం వేలాడేసుకుని వచ్చింది. టర్బైన్‌లో ఆవిరి చల్లబడి నీటి బిందువులయ్యే తీరును నాలుగైదు దేశాల పరిశోధకులు, వాళ్లతో పాటు ఇదీ, ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు లెక్కగట్టి పంపాలట. ప్రయోగంలో కొలిచిన అసలు సంఖ్యలు అందరి లెక్కలూ అందాకే చూపిస్తారు. అంతదాకా ఈ మేధావులు ఆగుతారా? ఒకరి లెక్కలు ఒకరు ఫోన్లో చూసేసుకున్నారు. అందరి బిందువులూ చిన్నవి, దీనివి మాత్రం లావు.

"ఒక్క అంకె జర మారిస్తే అందరితోటి కలుస్తదవ్వా. లేకుంటే నవ్వుతరు."

"నీ లెక్కల తప్పు దొరికిందా?"

"లేదు. మూడుసార్లు చూసిన."

"మరెందుకు మారుస్తవ్? పక్కోని పేపర్ చూసి రాసినోళ్లకు ముప్పై ఏండ్లు సున్నాలు పెట్టిన. మనవరాలివని నిన్ను ఇడుస్తనా?"

నవ్వింది, కళ్లు తుడుచుకుంది, ఉన్నది ఉన్నట్టే పంపేసింది. ఇప్పుడు నిశ్చింతగా నిద్రపోతోంది.

నాకే నిద్ర లేదు. ఆవిరి గురించి నాకు తెలిసింది ఇడ్లీ పాత్ర వరకే. ఆ లెక్క పంపించింది దాని నమ్మకమా, నా నోరా?