తొమ్మిది పన్నెండు

ఫిబ్రవరి 3

ఇవాళ్టి నుంచి లేబర్ రూం. మూడు నెలలు ట్రయల్, బాగా చేస్తే అక్కడే పర్మనెంట్. నర్సింగ్‌లో చేరిన రోజు నుంచి నేను అడుగుతున్నది ఇదొక్కటే. ఈ మాట చెబుదామని ఆలూరుకు ఫోన్ చేస్తే, చేన్లో కూలోళ్ళు ఉండారు, మళ్ళ మాట్లాడ్తా అని అమ్మ పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు. ఉగ్గాని బజ్జీ కట్టించుకుని రూముకు తెచ్చి ఒక్కదాన్నే తిన్నాను. ఇదే పార్టీ.

ఫిబ్రవరి 9

ఆరు కాన్పులు. కాళ్ళు నావి కావు. ఎంత బాగుందో.

ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 3

యామిని అని ఇరవై రెండేళ్ళ పిల్ల. మొదటి కాన్పు. తల్లి లేదంట, అత్త లక్ష్మీదేవమ్మ తోడు వచ్చింది. వాళ్ళది ఇక్కడే పాత ఊళ్ళో బట్టల కొట్టు. మొగుడు ధనుంజయ సరుకు కోసం వేరే ఊరు పోయాడు, రేపు వస్తాడు. నొప్పులు పడుతున్నంతసేపూ యామిని నా చెయ్యి వదల్లేదు. అక్కా, పోవద్దక్కా అని ఒకటే మాట.

పాప బయటికొచ్చింది. ఏడవలేదు. మెడకు బొడ్డుపేగు రెండు చుట్లు, ఒళ్ళు నీలంగా ఉంది. డాక్టరమ్మ పక్క టేబుల్ మీద ఇంకొకామెకు బ్లీడింగ్ ఆపుతోంది. పేగు తప్పించాను, తుడిచాను, ముక్కులో నోట్లో సక్షన్ పెట్టాను, మాస్క్ వేసి ఊపిరి అందేలా బ్యాగ్ నొక్కుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలీదు. ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అంతా సర్దుకున్నాక ఇన్‌చార్జి విశ్వాసమ్మ సిస్టర్ రిజిస్టర్ తెరిచి, పుట్టిన టైం ఎంత అని అడిగింది. అప్పుడు చూశాను గడియారం. వెనక్కి లెక్కేసి తొమ్మిది పన్నెండు అన్నాను. రాసేసుకుంది. అసలు తొమ్మిదే కావచ్చు. తొమ్మిదింపావు కూడా కావచ్చు.

ఫిబ్రవరి 15

పొద్దున లక్ష్మీదేవమ్మ మైసూర్‌పాక్ డబ్బా చేతిలో పెట్టి, మా పాప కాదు తల్లీ, నీ పాపే అంది. గాల్లో తేలాను.

మధ్యాహ్నానికి ఆమె మొహం మాడిపోయింది. గుళ్ళో అయ్యవారికి జాతకం చూపించిందంట. ఆ టైంకు పడిన నక్షత్రం తండ్రికి గండమంట. ఆరు నెలలు తండ్రి బిడ్డ మొహం చూడకూడదు, ఆ తర్వాత శాంతి చేయించాలి. పది నిమిషాలు ముందు పుట్టి ఉంటే వేరే నక్షత్రం, ఏ దోషమూ లేదంట. టైం సరిగ్గానే చెప్పినావు కదమ్మా అని అడిగింది. సరిగ్గానే చెప్పానమ్మా అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ అబద్ధం.

సాయంత్రం ధనుంజయ వచ్చాడు. యాడో దూరం నుంచి చూస్తానమ్మా, ఒక్కసారి అని తల్లిని బతిమాలాడు. ఆమె వార్డు తలుపు మూసింది.

ఫిబ్రవరి 16

విశ్వాసమ్మ సిస్టర్‌కు చెప్పాను. నోరు మూసుకో అంది. రిజిస్టర్లో ఎక్కిపోయిండాది, బిడ్డ బతికిండాది, నీకు ఈ పని కావాల్నా వద్దా అంది.

కావాలి. ఇంత గట్టిగా నేను ఇంకేదీ కోరుకోలేదు.

ఫిబ్రవరి 17

ధనుంజయ పూటపూటా క్యారియర్ తెస్తాడు. తలుపు బయట పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడతాడు. లోపల పాప ఏడిస్తే ఆయన భుజాలు కదులుతాయి.

యామిని నన్ను అడిగింది, నేనేం పాపం చేసినానక్కా అని. ఓదార్చడం నాకు అలవాటైన పనే. ఇవాళ బీపీ చూసి వచ్చేశాను. రేపు డిశ్చార్జ్. తల్లీబిడ్డలిద్దర్నీ ఆరు నెలలు ప్రొద్దుటూరులో యామిని అవ్వ దగ్గరికి పంపిస్తున్నారు.

అమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తినా ఏమని చెప్పను?

ఫిబ్రవరి 18

చెప్పేశాను. గేటు దగ్గర, కారు ఎక్కుతుంటే, అందరి ముందూ. నేను టైం చూడలేదు, పాప ఊపిరి చూసుకుంటున్నాను, తొమ్మిది పన్నెండు నేను వేసిన ఉజ్జాయింపు, ముందో వెనకో నాకే తెలీదు అని.

లక్ష్మీదేవమ్మకు అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత, మా ఇంటి బిడ్డ జాతకంతో ఆడుకుంటివా, నిన్ను నమ్మి శానా తప్పు చేస్తిమి అని అరిచింది. ధనుంజయ నా వైపే చూస్తూ నిలబడ్డాడు. యామిని పాప మొహం మీద కొంగు కప్పింది. కారు ప్రొద్దుటూరుకే పోయింది.

ఏమీ మారలేదు. నేను ఉద్యోగం పోగొట్టుకునే పని చేశాను, అంతే.

ఫిబ్రవరి 19

కంప్లైంట్. మెమో. లేబర్ రూం నుంచి తీసేశారు. ఓపీలో బరువులు, బీపీలు. విశ్వాసమ్మ సిస్టర్ ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ పోయింది. ముందే చెప్పింది కదా పాపం.

ఫిబ్రవరి 27

ఎనభై మందికి బీపీ చూశాను. ఎవరికీ నా పేరు అక్కర్లేదు. పై అంతస్తులో, లేబర్ రూంలో, అప్పుడే పుట్టిన బిడ్డ ఎవరిదో గుక్కపెట్టి ఏడ్చింది. చేతిలో బీపీ పట్టీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముసలాయన, ఏమ్మా, చూస్తావా చూడవా అన్నాడు.

మార్చి 9

వార్డులో ఉన్నప్పుడు తీసుకున్న యామిని నంబర్ నుంచి ఫోన్. హలో అంటే ఎవరూ పలకలేదు. పాప ఏడుస్తోంది. పాప పక్కనే ధనుంజయ గొంతు, ఏడ్వద్దు తల్లీ, నేను ఈడనే ఉండా అంటోంది.

అటువైపు ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.