బందెలో పడిన పార్కు

పురపాలక సంఘం మేనేజరు ఉదయ్ కుమార్ గారికి,

గుట్టకింద కాలనీ పార్కు కమిటీ పెద్ద తిప్పన్న నమస్కారం చెప్పి రాస్తున్న ఉత్తరం.

ఉగాది దాటినప్పటి నుంచి మా పార్కుకు నీళ్ల ట్యాంకరు రావడం లేదు. మీరు నాటించిన కానుగ, వేప మొక్కలు ఇప్పుడు మనిషెత్తు అయినాయి. వాన పడేదాకా నీళ్లు అందితే ఆ తర్వాత వాటంతట అవే బతుకుతాయి. అందకపోతే ఈ వేసవిలోనే కట్టెలవుతాయి. పార్కు బోరులో గాలి తప్ప ఏమీ రావడం లేదు. దయచేసి ట్యాంకరు పంపండి.

ఇట్లు,
తిప్పన్న

తా.క.: ఇదే సంగతి వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. నీళ్లు పడలేదు. అందుకే కాగితం.

*

శ్రీ తిప్పన్న గారికి,

మీ ఉత్తరం చేరింది. ఈ ఏడు బడ్జెట్‌లో పార్కుల పద్దు కింద సున్నా పెట్టారు. కావున ట్యాంకరు రాదు. తోటమాలి మారెక్కను కూడా పనిలోంచి తీసివేశాము. ఏ కాలనీ పార్కు బాగోగులు ఆ కాలనీయే చూసుకోవాలని పాలకవర్గం తీర్మానించింది. పచ్చదనం మీద మాకున్న శ్రద్ధలో మార్పు ఏమీ లేదు.

భవదీయుడు,
ఉదయ్ కుమార్, మేనేజరు

తా.క.: ‘పచ్చదనమే ప్రాణం’ అని రాయించిన పెద్ద ఫ్లెక్సీ పంపుతున్నాము. గేటుకు కట్టించగలరు. దాని పద్దు వేరు.

*

మేనేజరు గారికి నమస్కారాలు.

ఫ్లెక్సీ అందింది. రెండు మొక్కలకు నీడ పడేటట్టు కట్టినాం. మారెక్కకు మీ మాట చెప్పాను. “నన్ను తీసేసినారు సరే, ఆ సంగతి చెట్లకు ఎవరు చెప్తారన్నా?” అని, రోజూ తన ఇంటి నుంచి బిందె మోసుకొచ్చి పోస్తోంది. ఒక్క బిందె ఎన్నింటికని?

బాగోగులు మమ్మల్నే చూసుకోమన్నారు కాబట్టి మాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టినాం. ఎండాకాలం ఖాళీ చేనులో రైతులు గొర్రెల మందను నిలుపుకుంటారు కదా, పెంటికలు ఎరువవుతాయని. పామిడి వైపు నుంచి ఓబుళేసు మంద వచ్చి ఉంటే పార్కులోకి తోలించినాం. మొక్కల చుట్టూ ముళ్లకంప కట్టినాం. ఓబుళేసుకు రాత్రి సంగటి వంతులవారీగా ఒక్కో ఇంటి నుంచి పోతోంది. మీకు ఖర్చు లేదు.

మీ మేలు కోరే
తిప్పన్న

తా.క.: గొర్రెలు మీ ఫ్లెక్సీని కూడా నమిలి చూశాయి. ‘ప్రాణం’ దగ్గర ఆగిపోయాయి.

*

శ్రీ తిప్పన్న గారికి,

మీ ఉత్తరం చదివి దిగ్భ్రాంతి చెందాము. బాగోగులు చూసుకోమంటే పార్కును దొడ్డి చేయమని కాదు. పురపాలక స్థలంలోకి అనుమతి లేకుండా పశువులను తోలడం నేరం. మా శానిటరీ ఇన్‌స్పెక్టరు లక్ష్మీపతి గారు మందనంతటినీ స్వాధీనం చేసుకున్నారు. యజమాని కార్యాలయానికి వచ్చి జరిమానా కట్టి విడిపించుకోవచ్చు.

భవదీయుడు,
ఉదయ్ కుమార్

తా.క.: స్వాధీనం చేసుకునేటప్పుడు ఒక పొట్టేలు లక్ష్మీపతి గారిని వెనక నుంచి కుమ్మింది. రికార్డు కోసం దాని పేరు తెలుపగలరు.

*

మేనేజరు గారికి నమస్కారాలు.

లక్ష్మీపతి గారు గేటుకు నోటీసు అంటించి, మీ బీగం వేసి, నడుము పట్టుకుని వెళ్లిపోయారు. గొర్రెలు లోపలే ఉన్నాయి.

జరిమానా కట్టి తోలుకుపొమ్మని ఓబుళేసుకు చెప్పాను. వాడు తాపీగా బీడీ ముట్టించి, “యాడికి తోలుకపోవల్లన్నా? పెన్నలో ఇసుక తప్ప ఏముండాది? ఈడ సర్కారు గేటు, సర్కారు బీగం. కుక్కల భయం గూడా లేదు. ఉండనీలే” అన్నాడు. గోరంట్లలో చెల్లెలింటికి పోతున్నానని చెప్పి బస్సెక్కినాడు.

మీ గొర్రెలు దాహంతో అరుస్తున్నాయి. కాగితం మీద మీవే కాబట్టి అలా రాస్తున్నాను. వాటిని మీ బందెలదొడ్డికి తోలించుకోండి. కాలనీలో ఎవరికీ నిద్ర లేదు.

ఇట్లు, నిద్రలేని
తిప్పన్న

తా.క.: పొట్టేలుకు ఇదివరకు పేరు లేదు. మొన్నటి నుంచి వీధిలో అందరూ లక్ష్మీపతి అంటున్నారు.

*

శ్రీ తిప్పన్న గారికి,

అతి జరూరు. పట్టుబడ్డ పశువులను ఉంచే బందెలదొడ్డి మనకు ఉండేది. ఆ స్థలంలో షాపులు కట్టి చాలా కాలమైందని ఇప్పుడే తెలిసింది. కాబట్టి గొర్రెలు ప్రస్తుతానికి పార్కులోనే ఉంటాయి.

స్వాధీనంలో ఉన్న జీవాలకు మేత, నీళ్లు పెట్టడం మా బాధ్యత. ఒక్కటి చచ్చినా నా సంజాయిషీ అడుగుతారు. బందె పశువుల పద్దును కోయడం ఎవరికీ గుర్తు రాలేదు గనుక అది అలాగే ఉంది. రేపటి నుంచి రోజూ గడ్డిమోపులు, ట్యాంకరు వస్తాయి. ఆ నీళ్లు గొర్రెలకు మాత్రమే. మొక్కలకు ఒక్క చుక్క పోసినా పద్దు దుర్వినియోగం కింద చర్య తీసుకుంటాము.

భవదీయుడు,
ఉదయ్ కుమార్

తా.క.: పొట్టేలు పేరు వెంటనే మార్చవలసిందిగా లక్ష్మీపతి గారి కోరిక.

*

మేనేజరు గారికి నమస్కారాలు.

ట్యాంకరు రోజూ వస్తోంది. మొక్కలకు మేం ఒక్క చుక్క కూడా పోయలేదు. గొర్రెలు ట్యాంకరంత తాగవు. తొట్టి నిండి పొర్లుతోంది. పొర్లిన నీళ్లు పల్లానికి పోతున్నాయి. పల్లంలో కానుగ మొక్కలు ఉన్నాయి. పాదుల దాకా కాలువ ఎవరు తీశారని లక్ష్మీపతి గారు నిలదీస్తే మారెక్క, “నీళ్లు వాటి దావ అవి చూసుకుంటాయి. నేను చెప్తే ఇంటాయా సామీ?” అంది. చేతిలో పార ఎందుకని ఆయన అడగలేదు. మొక్కలు చిగురు పెట్టినాయి.

ఇబ్బంది ఇంకొకటి వచ్చింది. కొత్తచెరువు వైపు నుంచి భద్రమ్మ అనే ఆమె తన మందను తోలుకొచ్చి, “ఏమప్పా, గొర్రెల్ని అరెస్టు చేసేది ఈడేనా?” అని అడిగింది. ఇవి తప్పేమీ చేయలేదమ్మా అన్నాను. “సేయకుండా యాడ పోతాయి? గేటు తీ, ఇప్పుడే సేస్తాయి” అంది. ఆమె వెనక ఇంకా మూడు మందలు నిలబడి ఉన్నాయి. లక్ష్మీపతి గారిని త్వరగా పంపండి.

ఇట్లు,
తిప్పన్న

తా.క.: మనిషినే పంపండి. పొట్టేలు ఇక్కడే ఉంది.

*

శ్రీ తిప్పన్న గారికి,

జరిమానా లేకుండా విడిచిపెడతామన్నా గొర్రెల యజమానులు రావడం లేదు. అత్యవసర సమావేశంలో పాలకవర్గం ఈ విధంగా తీర్మానించింది: గుట్టకింద కాలనీ పార్కును పార్కుల జాబితా నుంచి తొలగించి శాశ్వత బందెలదొడ్డిగా ప్రకటించడమైనది. నిబంధనల ప్రకారం బందె పశువులకు నీడ ఉండాలి. కాబట్టి అక్కడి ఒక్క కొమ్మ కూడా నరకరాదు, ఒక్క మొక్క కూడా ఎండరాదు. ట్యాంకరు కొనసాగుతుంది. దొడ్డి కాపలాకు మారెక్కను నియమించాము. అనుభవం ఉన్న అభ్యర్థి మరొకరు దొరకలేదు.

ఇకపై ఆ స్థలాన్ని ఏ ఉత్తరంలోనూ పార్కు అని రాయవద్దు. రాస్తే నీళ్లు ఆగిపోతాయి. పట్టుబడ్డ జీవాలు తప్ప ఇంకెవరూ లోపల ఉండరాదు.

భవదీయుడు,
ఉదయ్ కుమార్

తా.క.: పొద్దున నడకకు వచ్చే కాలనీ పెద్దలను ఎందుకు ఆపడం లేదని మారెక్కను అడిగాము. “వాళ్లను గూడా పట్టుకున్నట్టే రాసుకున్నా సార్” అంది. అందులో మీ పేరే మొదట ఉంది. నిబంధన ప్రకారం మిమ్మల్ని విడిపించుకుని వెళ్లమని మీ భార్య అంజనమ్మ గారికి కబురు చేశాము. “ఏం తొందర లేదు, ఆడనే ఉండనీండి. యాళకు నీళ్లు పెడతాండారు గదా” అన్నారు.